కొక్కిరులు కూర్చోరు

నేను కల్పించిన జీవుల్లో ఒక జాతి ఎప్పుడూ కూర్చోదు. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాశాను. రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దాన్ని కొట్టేయమని ఒకామె నా బల్ల ముందు నిలబడి అడిగింది. కొట్టేయలేదు. ఆ తర్వాత, ఆమె అసలు నన్ను అడిగినట్టే గుర్తులేదని పదిమందిలో చెప్పాను.

ఫిల్మ్ నగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా కథా విభాగాల్లో పనిచేసి కిందటేడు మానుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. మనుషులు కాని మనుషుల లోకం ఒకటి తయారు చేయాలి సార్, పుస్తకంలో ఏం రాయాలి, ఏం వదిలేయాలి అని అడుగుతారు. ఫోనులో చెబితే నాకు తెలియకుండానే నన్ను నేను పెద్దవాణ్ణి చేసుకుంటున్నాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీదైతే కొట్టివేతలు కనబడతాయి.

ఆ పుస్తకం సంగతి

లేని లోకంలో కథ జరిగినప్పుడు ఆ లోకం గురించి ఒక పుస్తకం రాసుకుంటాం. అందులో పక్షి తలల మనుషులు ఉండవచ్చు, మాట్లాడే ఎలుగులు ఉండవచ్చు, నీళ్ళలో ఊళ్ళు కట్టుకున్నవాళ్ళు ఉండవచ్చు. వాళ్ళేం తింటారు, ఎలా దండం పెట్టుకుంటారు, ఎవరికి ఎవరు దారి ఇస్తారు, ఇవన్నీ అందులో ఉంటాయి. సెట్టు వేసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, మాటలు రాసేవాళ్ళు, గ్రాఫిక్స్ చేసేవాళ్ళు అందరూ దాన్నే చూసి పని చేస్తారు. ఆఫీసుల్లో దాన్ని బైబిల్ అంటారు. మా అమ్మ బాపట్ల దగ్గర మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె బతికుండగా రాక్షసుల వేషాల పుస్తకాన్ని ఆ పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆమె పోయాక కూడా అలవాటు కాలేదు. నేను లోకం పుస్తకం అనేవాణ్ణి. చివరికి మా ఆఫీసులో ఉత్త 'పుస్తకం' అయింది.

పేరు మార్చినంత మాత్రాన దాని పెత్తనం తగ్గలేదు. సెట్టు మీద తగువు వస్తే పుస్తకం తెరుస్తారు. అందులో ఉన్నదే జరుగుతుంది. రాసినవాడికి అది ఎంత మత్తో నాకు తెలుసు.

చీమల తలుపులు

నేను రాసిన మొదటి పుస్తకం పిల్లల బొమ్మల సీరియల్‌కి. చీమల పుట్టలో ఒక రాజ్యం. నేను రెచ్చిపోయాను. ఏడు రాజవంశాలు, పన్నుల పద్ధతి, గోధుమ గింజ మీద జరిగిన యుద్ధం, ఓడిన వంశంవాళ్ళు పాడుకునే పాట, అన్నీ కలిపి తొంభై పేజీలు. అట్ట వేయించి అందరికీ పంచాను. వారం తర్వాత బొమ్మలు గీసే అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, ఒక డౌటండీ. వీళ్ళ ఇళ్ళకి తలుపులుంటాయా?"

"తలుపులా?"

"అదేనండీ. ఉంటే లోపలికి తెరుచుకుంటాయా, బయటికా? పుస్తకం మొత్తం వెతికానండీ. దొరకలేదు."

తొంభై పేజీల్లో తలుపు లేదు. ఆ రోజుల్లో నా పై అధికారి విమల గారు. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద ఇంటి పై అంతస్తులో మా ఆఫీసు. ఆవిడ కాసేపు నవ్వుకుని నా పుస్తకం తెప్పించి, ఒక ఎర్ర పెన్సిలు నా చేతికిచ్చారు.

"ప్రతి వాక్యం పక్కనా, దాన్ని ఎవరు వాడతారో రాయండి. ఎవరి పేరూ తోచకపోతే ఆ వాక్యం తీసేయండి."

"కొన్ని లోతు కోసం ఉంటాయి మేడమ్."

"లోతెవరు? ఏ డిపార్ట్‌మెంటు?"

తొంభై పేజీలు పద్నాలుగయ్యాయి. ఆ పద్నాలుగులో సగం ఆ బొమ్మల అమ్మాయి అడిగిన ప్రశ్నలకు జవాబులు. తలుపు బయటికి తెరుచుకుంటుంది. తెరిచే ముందు లోపలివాళ్ళు కాలితో రెండుసార్లు తడతారు, బయట ఎవరైనా ఉంటే తగలకుండా. పిల్లలకి ఆ తట్టడం ఎంత నచ్చిందంటే, ఏడు వంశాల్లో ఒక్కదాని పేరూ గుర్తులేనివాళ్ళు కూడా తలుపు మాత్రం తట్టేవారు.

నాకు దొరికిన పై అధికారుల్లో అందరికన్నా మంచావిడ విమల గారు. ఆ ఎర్ర పెన్సిలు పద్ధతి తర్వాత ఇరవై ఏళ్ళూ పాటించాను. వెనకాల మాత్రం ఆవిణ్ణి 'మార్జిన్ మేడమ్' అని వెక్కిరించేవాణ్ణి. అదొక చిన్న తప్పు. పెద్దది ఆ పద్ధతిలోనే మోసం చేయడం.

ఖాళీ గడి

ఏడెనిమిదేళ్ళ కిందట ఒక పెద్ద సినిమాకి పుస్తకం రాసే పని వచ్చింది. బురద నేలల్లో బతికే పొడుగు కాళ్ళ జాతి. కొక్కెరల్లాంటి మెడలు, మనుషుల చేతులు. కొక్కిరులు అని పేరు పెట్టాను. అంతవరకు నేను రాసిన పుస్తకాల మీద వేరేవాళ్ళ పేర్లే ఉండేవి. ఈసారి అట్ట మీద నా పేరు వేస్తామన్నారు. నాకప్పటికి యాభై దాటాయి. ఆ వయసులో మొదటిసారి తన పేరు అట్ట మీద చూసుకునేవాణ్ణి జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి.

ప్రతి జాతికీ ఒక పట్టిక నింపేవాణ్ణి. తిండి, నిద్ర, పలకరింపు, కోపం, సిగ్గు, విశ్రాంతి. అన్నీ నిండాయి కానీ విశ్రాంతి గడి ఖాళీగా ఉండిపోయింది. ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళబోతూ, మా ఆవిడ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే, భోజనాల బల్ల దగ్గర నిలబడే రాసేశాను. "కొక్కిరులు కూర్చోరు. పుట్టింది మొదలు పోయేదాకా నిలబడే ఉంటారు. కూర్చున్నవాడు జాతిలోంచి పోయినట్టే." అంతే. వెనకాల ఏ ఆలోచనా లేదు. గడి నిండాలి, నాకు టైమవుతోంది.

సోమవారం డైరెక్టర్ గారికి చదివి వినిపించాను. కుర్రవాడు, ఏలూరు వైపు మనిషి, బాగా చదువుకున్నవాడు. ఆ వాక్యం దగ్గర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆగండాగండి. మళ్ళీ చదవండి. ఇదండీ జాతంటే! ఇదొక్కటి చాలండీ రైటర్ గారూ, మిగతాదంతా దీన్లోంచి వచ్చేస్తుంది. ఎలా తట్టిందండీ మీకు?"

నవ్వి ఊరుకున్నాను. ఏదో సుదీర్ఘమైన తపస్సు చేసి కనుక్కున్నవాడిలా ముఖం పెట్టాను. ఆ సాయంత్రం ఎర్ర పెన్సిలు తీసి మార్జిన్‌లో దాన్ని వాడేవారి పేరు రాయాలి. 'దర్శకుడు' అని రాశాను. అబద్ధం. దర్శకుడు దాన్ని మెచ్చుకుంటాడు, వాడడు. వాడేది ఆ వేషం వేసుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళు ఎవరో అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

రెండు నిమిషాలు

వేషాలు కుట్టిన ఖాజా మాస్టర్ పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషి. కూర్చోని జాతికి మోకాలు పూర్తిగా ముడుచుకోవలసిన పనేముంది? స్పాంజి, రబ్బరు కలిపి కాళ్ళు పోతపోశాడు. మడమ కింద ఎత్తు దిమ్మ. వేసుకున్నవాళ్ళు మునివేళ్ళ మీద, మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడాలి. తెర మీద అచ్చం కొక్కెర కాలులా కనబడుతుంది. కాని ఆ కొద్దిపాటి వంపు దాటి మోకాలు ముడవదు. విప్పాలంటే ఇద్దరు సాయం పట్టాలి, ముప్పావు గంట కావాలి.

నలభై మందికి వేషాలు. అందరూ కృష్ణానగర్ డాన్సర్లు. కొలతలు, తొడిగి చూడడాలు అయ్యాక, షూటింగ్ ఇంకా పదిరోజులుందనగా, వాళ్ళలో ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. పేరు స్వరూప. ముప్పై దాటిన మనిషి. పదిహేనేళ్ళుగా పాటల్లో రెండో వరసలో ఆడుతోంది. జుట్టుకు ఆకుపచ్చ క్లిప్పు.

"సార్, జర రెండు నిమిషాలు."

"చెప్పమ్మా."

"గా కాళ్ళు ఏసుకుంటే కూసోనికి వస్తలేదు సార్. షాట్ షాట్‌కు విప్పలేం గదా. మోకాలెనుక జిప్పు పెడ్తవా అని ఖాజా మాస్టర్‌ను అడిగిన. పెట్టొచ్చు గానీ కుట్టు కనవడ్తదంటుండు. పుస్తకంల కూసుంటరని ఉంటే పెడ్తడంట. లేకుంటే మూర్తి సార్ ఒప్పుకోడంట."

మూర్తి కో-డైరెక్టర్. సెట్టు మీద పుస్తకం అతని చంకలోనే ఉండేది.

"పుస్తకంలో కూర్చోరని ఉందమ్మా."

"ఉంది సార్. అందుకే మీ కాడికొచ్చిన. జర మార్చుండ్రి." అని వెనక్కి తిరిగి నా ఇనుప బీరువాకి వీపు ఆనించి, మెల్లగా కిందికి జారి కూర్చుంది. "మేం డాన్సర్లం లొకేషన్ల గిట్ల కూసుంటం. గోడ దొరకదు గదా, ఒకల వీపుకు ఒకలం ఆనుకుంటం. ఇద్దరు కలిస్తే కుర్చీ. కొక్కిరులు గూడ గట్లనే కూసుంటరని రాయుండ్రి సార్. చూస్తానికి గూడ మంచిగుంటది."

బాగుంది. చాలా బాగుంది. బురదనేలలో చెట్టూ రాయీ లేని చోట, పొడుగు మెడల జీవాలు జంటలు జంటలుగా వీపులు కలిపి కూర్చోవడం నా కళ్ళకు కట్టింది. ఒంటరిగా ఉన్నవాడు కూర్చోలేడు. అసలైన జాతి ధర్మం అది. నేను రాసినదానికంటే ఎన్నో రెట్లు మేలైనది. నిజం చెప్పాలంటే, నేను కాదనడానికి అది కూడా ఒక కారణం. డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డ వాక్యాన్ని, రెండో వరసలో ఆడే ఒక డాన్సరు రెండు నిమిషాల్లో చిన్నబుచ్చింది.

"అది వాళ్ళ ప్రాణమమ్మా," అన్నాను. "అది తీసేస్తే ఆ లోకమే నిలబడదు."

"లోకం సంగతి నాకు తెల్వదు సార్. మోకాలు సంగతి తెలుసు."

ఇద్దరం నవ్వాం. బీరువా పట్టుకుని లేచింది.

"సరే, చూస్తాను," అన్నాను.

మన పరిశ్రమలో చూస్తాననడానికి అర్థమేమిటో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. అయినా దండం పెట్టి వెళ్ళింది. నేను చూడలేదు. డైరెక్టర్ గారికి ఒక్క ముక్క చెబితే బహుశా ఎగిరి గంతేసేవాడు. చెబితే, మరి మొన్నటి మాట ఊరికే తోచి రాసిందేనా అని అడుగుతాడేమోనని భయం. అంతకు మించి ఇంకేమీ లేదు.

ఏ పేజీలో ఉందమ్మా?

ఊరి బయట బురద సెట్టు వేశారు. కృష్ణానగర్ నుంచి బస్సుల్లో నలభై మందిని తెచ్చేవాళ్ళు. తెల్లారి కాళ్ళు తొడిగితే మధ్యాహ్నం అన్నానికి విప్పేవాళ్ళు, మళ్ళీ తొడిగితే పొద్దుగూకేదాకా. మధ్యలో నిలబడే ఉండాలి. కొందరు వెదురు బొంగులు తెచ్చుకుని ఆనుకున్నారు. ఫ్రేములోకి వస్తున్నాయని అవి తీసేయించారు. ఎవరేమడిగినా మూర్తి చంకలోంచి పుస్తకం తీసేవాడు.

"బొంగా? ఏ పేజీలో ఉందమ్మా?"

"దాహమైతంది సార్."

"నీళ్ళు తాగడం పన్నెండో పేజీ. మెడ పైకెత్తి తాగాలి. తాగండి తాగండి." అందరూ నవ్వేవాళ్ళు. మూర్తి చెడ్డవాడు కాడు. అతనికి నేనిచ్చిన పుస్తకాన్ని అతను కాపలా కాశాడు.

నేను రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి వెళ్ళింది ఏడోరోజు. నాకు కెమెరా పక్కన గొడుగు కింద కుర్చీ వేశారు. వెనక గుడ్డ మీద 'రైటర్' అని ఉంది. కూర్చుని టీ తాగుతూ, నా జాతి నా ముందు బారులు తీరి నిలబడి ఉంటే చూశాను. ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ సంతోషాన్ని దాచుకోవడం ఇప్పుడెందుకు? ఆ క్షణంలో నా అంత గొప్పవాడు లేడనుకున్నాను.

పెద్ద షాటు. మధ్యలో ఒక కొక్కిరి కాలు వణికింది. ఎవరో కట్ అన్నారు. ఆ కొక్కిరి పక్కకు ఒరిగి, ముడవని కాలితో బురదలో పడింది. ఏదో తెగినట్టు చప్పుడు అక్కడున్నవాళ్ళు విన్నారట. నాకు వినపడింది అరుపే. తల తొడుగులోంచి రావడంతో అది మనిషి అరుపులా లేదు.

అప్పుడు చూసింది నేను పోయేదాకా నాతో ఉంటుంది. మిగతావాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. చుట్టూ ముప్పైతొమ్మిది పొడుగు మెడలు. ఒక్కళ్ళూ కిందికి వంగలేకపోయారు. చేతులు చాపుతున్నారు, అవి అందడం లేదు. మోకాళ్ళు ముడవవు. ఆమె చేయి పైకెత్తింది. ఎవరికీ అందలేదు. లైట్లు పట్టేవాళ్ళు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి లేవదీసేదాకా అలాగే బురదలో ఉంది. తల తొడుగు తీస్తే స్వరూప.

నేను కుర్చీలోంచి లేచాను. అడుగు ముందుకు వేయలేదు.

గుర్తులేదు

మోకాలి లోపల నరం తెగిందన్నారు. ఆపరేషన్ చేశారు. నెలన్నర తర్వాత డాన్సర్లను పంపే రమణ మాస్టర్ ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. పెద్ద గదిలో నిర్మాత తరఫు మేనేజరు, మూర్తి, నేను. స్వరూప కాలికి పట్టీతో కుర్చీలో కూర్చుంది. ఆమె కుర్చీలో కూర్చోవడం నేను చూసింది అదే మొదలు.

"ఆవిడకి పాత దెబ్బ ఉందండీ," అన్నాడు మూర్తి. "ముందే చెప్పి ఉంటే తీసుకునేవాళ్ళమే కాదు."

"పాత దెబ్బ లేదు ఏం లేదు," అంది స్వరూప. "గా కాళ్ళతోని కష్టమైతదని నేను ముందుగాలనే చెప్పిన. రైటర్ సార్‌కు చెప్పిన. ఆయన బల్ల కాడ నిలవడి."

అందరూ నా వైపు తిరిగారు. మేనేజరు అడిగాడు, "ఏమండీ, చెప్పిందా?"

"ఆఫీసుకు చాలామంది వస్తుంటారండీ," అన్నాను. "నాకు గుర్తులేదు."

"గుర్తులేదా సార్?"

"లేదమ్మా."

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. "సరే సార్," అంది. మూర్తి రమణ మాస్టర్ వైపు చేతులు తిప్పాడు, చూశారా అన్నట్టు. రమణ మాస్టర్ తల దించుకున్నాడు.

నాకు ఆమె జుట్టు క్లిప్పు రంగుతో సహా గుర్తుంది. గుర్తులేదన్న మాట పెద్ద అబద్ధం కాదని, ఎవరినీ తప్పుపట్టడం లేదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాని ఆ మాట ఆమెను అబద్ధాలకోరును చేసింది. తన పాత దెబ్బ కప్పిపుచ్చుకుని పెద్దవాళ్ళ మీదికి నెట్టిందని కృష్ణానగర్ అంతా అనుకున్నారు. ఇక ఆడలేకపోయినా, కొత్తవాళ్ళకు నేర్పే పనైనా దొరికేది. అబద్ధమాడిన మనిషని ఎవరూ పనికి పిలవలేదు. కాలు పోగొట్టింది నా గర్వం. పేరు పోగొట్టింది నా పిరికితనం. రెండోదే పెద్దదని ఇప్పుడు అనుకుంటున్నాను. మొదటిదాన్ని తెలియక చేశానని కాస్తయినా చెప్పుకోవచ్చు.

ఇక సినిమా. కొక్కిరులు కూర్చోరన్న సంగతి చెప్పే సీను ఎడిటింగ్‌లో పోయింది. తెర మీద వాళ్ళు నిలబడి ఉన్నారు, అంతే. ఎందుకు కూర్చోరని ఒక్క ప్రేక్షకుడూ అడగలేదు.

మళ్ళీ అదే పుస్తకం

ఈ ఏడు మొదట్లో ఒక కొత్త రచయిత్రి ఫోన్ చేసింది. కొక్కిరులతో సిరీస్ తీస్తున్నారట. నా పాత పుస్తకం ఆమెకిచ్చారు.

"చాలా బాగుంది సార్. వీళ్ళు కూర్చోరన్నారు చూడండి, అదే మెయిన్ రూల్‌గా పెట్టుకుంటున్నాం. దాని వెనక మీ ఆలోచనేంటో చెప్తారా?"

మళ్ళీ నలభై మందో యాభై మందో అలా నిలబడాలి. ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆలోచనేమీ లేదమ్మా, గడి ఖాళీగా ఉంటే నింపాను అన్నాను. పట్టీతో ఉన్న కాలు సంగతి, గుర్తులేదన్న సంగతి కూడా చెప్పాను. "మరి ఇప్పుడేం రాయమంటారు సార్?" అంది. కనుక్కుని చెప్తానన్నాను.

ఆ వారమే రమణ మాస్టర్‌కు ఉత్తరం రాశాను. స్వరూప ముందే నాకు చెప్పిందని, నాకు గుర్తుండి కూడా లేదన్నానని, దీన్ని డాన్సర్లందరికీ చూపించమని. దాని నకలు, విశ్రాంతి గడికి కొత్తగా రాసిన పేరా జేబులో పెట్టుకుని కృష్ణానగర్ వెళ్ళాను.

వేషాలు కిరాయికిచ్చే దుకాణం. పైన కిరీటాలు, తోకలు వేలాడుతున్నాయి. స్వరూప ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఎడమ కాలు ఒక రంగు డబ్బా మీద చాపుకుని, లంగాకి చెమ్కీలు కుడుతోంది.

"ఏం గావాలె? ... ఓ. రైటర్ సార్."

"గుర్తుపట్టావా అమ్మా?"

"నాకు గుర్తుంటది సార్."

నిలబడే చెప్పాను. "ఆ రోజు నాకు గుర్తుంది స్వరూపా. అంతా గుర్తుంది. లేదని అబద్ధమాడాను."

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "నాకు ఎరికే. మర్చిపోయినోళ్ళు జర ఆలోచిస్తరు సార్. మీరు ఆలోచించలే. ఎంటనే అన్నరు."

ఉత్తరం నకలు ఇచ్చాను. మెల్లగా, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"మోకాలు రాదు గదా."

"రాదమ్మా."

"ఇన్నేండ్లకా సార్?"

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కుట్టుపెట్టెలో దాచింది. "ఉండనీ. నేను చెప్పిన అన్నదైతే ఉంటది. మా అమ్మకు చూపిస్త. ఆమె గూడ నమ్మలే."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. కొత్త పుస్తకం సంగతి చెప్పి, రాసుకొచ్చిన పేరా చదివాను. కొక్కిరులు ఇద్దరిద్దరుగా వీపులు ఆనించి కూర్చుంటారు, ఒంటరివాడు కూర్చోలేడు, అందుకే వాళ్ళలో ఎవరూ ఒంటరిగా దూరం వెళ్ళరు, అని. చెవి ఒగ్గి విన్నది.

"సగమే రాసిండ్రు."

"ఇంకేముంది?"

"మీరెన్నడన్న కూసున్నరా గట్ల? కూసోండ్రి. నేను కిందికి రాలేను, స్టూలుకు ఆనుకోండ్రి. ఆఁ, బరువెయ్యుండ్రి. సిగ్గువడకుండ్రి." స్టూలు వెనక నేల మీద కూర్చుని ఆనుకున్నాను. ఆమె అటు నుంచి వెనక్కి వాలి బరువు వేసింది. స్టూలు రెండు కాళ్ళ మీద నా వీపుకు ఆనింది. ఇద్దరి బరువూ కుదిరింది. నిజంగానే కుర్చీలా ఉంది. కాసేపటికి నా కాలు తిమ్మిరెక్కింది. లేచాను.

స్టూలు వెనక్కి పోయింది. ఆమె చప్పున బల్ల పట్టుకుంది. చెమ్కీలన్నీ నేల పాలు.

"అరె! చెప్పి లేవాలె సార్!"

ఆమె గుండె మీద చేయి వేసుకుని ఊపిరి తీసుకుంది.

"గిదే మీరు రాయంది. ఇద్దరు కూసున్నంక ఒకలు ఊకె లేస్తే రెండోటోళ్ళు పడ్తరు. లేచేటోళ్ళు రెండు సార్లు తట్టాలె. రెండోటోళ్ళు తిరిగి తట్టినంకనే లేవాలె. మేం గంతే చేస్తుంటిమి."

మళ్ళీ కూర్చున్నాను. వీపు స్టూలుకు ఆనించి, పేరా కింద ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. మార్జిన్‌లో ఎర్ర పెన్సిలుతో, వాడేవారి పేరు ఉండవలసిన చోట, స్వరూప అని రాశాను.

"రాసిండ్రా?"

"రాశాను."

"ఏ పేజీలో ఉందమ్మా?" అంది, అచ్చం మూర్తి గొంతుతో.

"మొదటి పేజీలో పెట్టమని చెప్తాను."

నా కాళ్ళు మళ్ళీ తిమ్మిరెక్కుతున్నాయి. నేల మీద రెండుసార్లు తట్టాను. వెనక నుంచి దారం లాగుతున్న చప్పుడు. ఒక చెమ్కీ కుట్టింది, ఇంకొకటి కుట్టింది. నేను కదలలేదు. చాలాసేపటికి కత్తెర తీసి, స్టూలు కాలి మీద రెండుసార్లు తట్టింది.

అప్పుడు లేచాను.